వెనక్కి రాని లెక్కలు

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అంటూ ఉండేది. ఆ సామెత వెనక ఒక బీజగణితమే ఉందని నాకు యాభై ఆరో ఏట తెలిసింది. నేను గణితం చదివినవాణ్ని కాను. బి.కాం. చదివి, మద్రాసులోనే బ్యాంకు గుమాస్తాగా చేరి, ఆఫీసరునై, రిటైర్మెంటుకు దగ్గరపడుతున్నవాణ్ని. నాకు తెలిసిన లెక్క డెబిట్టు, క్రెడిట్టు, వడ్డీ. అయినా ఈ నెల మన పత్రికకు ఒక గణిత శాఖ చరిత్ర రాయబోతున్నాను. లెక్కలంటే భయపడే పాఠకులు పేజీ తిప్పెయ్యవద్దని మనవి. ఇందులో ఎక్కాలకు మించిన లెక్క లేదు.

ముందు కారణం చెప్పాలి. మా అమ్మాయి ఎమ్మెస్సీ గణితం పాసయింది. బ్యాంకు పరీక్షలు రాయమంటే రాయలేదు. పరిశోధన చేస్తానంది. దేని మీద అని అడిగితే "సెమీగ్రూపుల మీద నాన్నా" అంది. అంటే ఏమిటన్నాను. "గ్రూపు లాంటిదే, కాని అందులో వెనక్కి వచ్చే దారి ఉండాలని నియమం లేదు" అంది. "సగం గ్రూపుకి సగం జీతం ఇస్తారు కాబోలు" అన్నాను, భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందు. నవ్వించడానికే అన్నాను. చుట్టాలు నవ్వారు. అమ్మాయి చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆ తరువాత కేరళలో ఒక విశ్వవిద్యాలయంలో చేరింది. ఏడాదిన్నర పాటు మా ఇద్దరికీ ఫోనులో మూడే మాటలు: తిన్నావా, వానలు పడుతున్నాయా, డబ్బు పంపనా.

ఆమె పెరంబూరు ఇంట్లో వదిలిపోయిన పుస్తకాలు అలమరలో ఉన్నాయి. ఒక ఆదివారం దుమ్ము దులపబోయి ఒకటి తెరిచాను. మొదటి పేజీలో నాకు ఒక్క వాక్యమూ అర్థం కాలేదు. కాని మా బ్యాంకు సర్క్యులర్లు కూడా మొదటిసారి అర్థం కావు. అలవాటు కొద్దీ రెండోసారి చదివాను. అలా పట్టుకున్నదాన్ని ఏడాది వదల్లేదు.

నేను ఉద్యోగంలో చేరిన 1990ల తొలి రోజుల్లో మా బ్రాంచిలో లెడ్జర్లు చేత్తోనే రాసేవాళ్ళం. తప్పు పద్దు పడితే రబ్బరు పెట్టి చెరపడం నేరం. ఎదురు పద్దు వేసి సరిదిద్దాలి. వెయ్యి రూపాయలు పొరపాటున డెబిట్టు చేస్తే, వెయ్యి క్రెడిట్టు చేస్తే సరి. 1494లో వెనిసులో లూకా పాచియోలీ అచ్చువేయించిన గణిత గ్రంథం నుంచి నేటి దాకా జంటపద్దు విధానం నడిచేది ఈ నమ్మకం మీదే. ప్రతి పద్దుకూ ఒక ఎదురు పద్దు ఉంటుంది. ఇలాంటి లోకాన్నే గణితజ్ఞులు గ్రూపు అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని సమూహం అన్నారు. అందులో ఏ రెండింటిని కలిపినా ఆ లోకంలోదే వస్తుంది. మూడింటిని కలిపేటప్పుడు ఏ జంటను ముందు కలిపినా ఒకటే. ఏమీ మార్చని మూలకం ఒకటుంటుంది. ప్రతిదానికీ విలోమం, అంటే ఎదురు పద్దు, ఉంటుంది.

ఈ నాలుగు షరతుల్లో మొదటి రెండే ఉంచి, తక్కినవి ఉన్నా లేకున్నా ఫరవాలేదంటే మిగిలేది సెమీగ్రూపు, అర్ధసమూహం. సగం అన్నమాట విని నేను నవ్వాను గాని, సగం అయింది షరతులే. లోకం మాత్రం ఎన్నో రెట్లు పెద్దదయింది. ఎనిమిది మూలకాలతో ఎన్ని రకాల గ్రూపులు కట్టవచ్చంటే అయిదు. ఎనిమిది మూలకాలతో సెమీగ్రూపులు, కుడి ఎడమల తేడా పక్కన పెట్టి లెక్కించినా, 184,31,20,128. అంటే నూట ఎనభై నాలుగు కోట్ల పైచిలుకు. నాలుగు మూలకాలవి 126 అని 1955లో ఫోర్సైత్ అనే ఆయన స్వాక్ అనే తొలితరం కంప్యూటరు చేత లెక్క వేయించాడు. ఈ కోట్లలో అత్యధిక భాగం ఏ మూడింటిని కలిపినా సున్న అయిపోయే నిర్జీవమైన లెక్కలట. మరి జీవమున్నవాటిని ఎలా గుర్తుపట్టాలి? దానికే ఆ శాస్త్రంలో కొన్ని ప్రత్యేక మూలకాలున్నాయి.

నాకు తెలిసిన భాషలో చెబుతాను. ఒక సేవింగ్స్ ఖాతా మీద జరిగే పనుల్ని తీసుకోండి. ఒక పని తరువాత ఇంకో పని చేయడమే 'కలపడం'. నిల్వ ఎంతుందో చూసుకోవడం ఒక పని. దానికి ముందు గాని వెనక గాని మరే పని చేసినా ఆ పని ఫలితమే మిగులుతుంది. గుణకారంలో 1 చేసేది ఇదే. దీన్ని తత్సమ మూలకం అంటారు. ఖాతా మూసేయడం ఇంకో పని. దానికి ముందు ఏం చేసినా, తరువాత ఏం చేయబోయినా, మూసిన ఖాతా మూసినట్టే. గుణకారంలో సున్న ఇది. నామినీ పేరు రాసివ్వడం మూడో పని. ఒకే పేరు రెండుసార్లు రాసిస్తే ఒక్కసారి రాసిచ్చినట్టే. ముందు భార్య పేరు, తరువాత కొడుకు పేరు ఇస్తే నిలిచేది కొడుకు పేరు. వరస తిరగేస్తే భార్య పేరు. ఆఖరిగా ఇచ్చిందే చెల్లుతుంది. పాత కాగితం చింపేస్తే అంతకు ముందు ఎవరి పేరుండేదో కొత్త కాగితం చూసి చెప్పలేం. ఈ సంగతి మీద కౌంటరు దగ్గర ఏడ్చినవాళ్ళను, కొట్టుకున్నవాళ్ళను చూశాను.

ఒకటికి రెండుసార్లు చేసినా ఒకసారి చేసినట్టే ఉండే మూలకాన్ని ఐడెంపొటెంట్ అంటారు. 1870లో అమెరికన్ గణితజ్ఞుడు బెంజమిన్ పియర్స్ ఆ పేరు పెట్టాడు. అంతకు ముందే, 1854లో, జార్జ్ బూల్ తన తర్కశాస్త్ర గ్రంథంలో ఈ గుణాన్నే ఆలోచనకు మూల నియమంగా పెట్టుకున్నాడు. 'ఎర్రని ఎర్రని పువ్వు' అన్నా అది ఎర్రని పువ్వే. తెలుగులో దీనికి స్థిరపడిన మాట నాకు దొరకలేదు. ఈ వ్యాసంలో 'మారని మూలకం' అంటాను.

ఇప్పుడు ఎక్కాల దగ్గరకు వద్దాం. మా పాత ఆఫీసర్లు టోటళ్ళు సరిచూడడానికి చివరి అంకెలు మాత్రం చూసేవారు. ట్రయల్ బ్యాలెన్సు తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే ఎక్కడో 45 బదులు 54 పడిందని వెతకమనేవారు. అలాగే గుణకారంలో చివరి అంకె ఒక్కటే ఉంచుకుని తక్కింది వదిలేద్దాం. ఏడు ఎనిమిదులు 56, ఉంచుకునేది 6. ఇలా 0 నుంచి 9 వరకు పది అంకెలూ ఒక సెమీగ్రూపు అవుతాయి. వీటిలో మారని మూలకాలు ఏవి? 0, 1 తెలిసినవే. ఇంకా 5 ఉంది, అయిదైదులు 25 కనుక. 6 ఉంది, ఆరార్లు 36 కనుక. మొత్తం నాలుగు.

ఈ నాలుగింటి చుట్టూ తక్కిన అంకెలు ఎలా చేరతాయో చూడండి. 1, 3, 7, 9 ఒక ఇల్లు. వాటిని ఒకదానితో ఒకటి గుణిస్తే ఆ నాలుగే వస్తాయి. 3కు ఎదురు పద్దు 7, రెండూ కలిస్తే 21, అంటే 1. సరిసంఖ్యలు 2, 4, 6, 8 ఇంకో ఇల్లు. ఆ ఇంటి పెద్ద 1 కాదు, 6. రెండార్లు 12, అంటే 2. నాలుగార్లు 24, అంటే 4. ఎనిమిదార్లు 48, అంటే 8. ఆరుతో గుణిస్తే ఆ ఇంట్లో ఎవరూ మారరు. 2కు ఎదురు పద్దు 8. 5 ఒక్కటే ఒంటరి ఇల్లు. 0 ఒక్కటే ఇంకో ఇల్లు. 1 ఇంటి నుంచి 5 ఇంటికో 6 ఇంటికో దిగవచ్చు, ఆ రెండిళ్ళవాళ్ళూ కలిస్తే సున్న ఇంటికి దిగుతారు. పైకి ఎక్కే దారి లేదు. మొత్తం లోకంలో విలోమం లేదు. కాని ప్రతి మారని మూలకం చుట్టూ, ఆ ఇంటి గోడల మధ్య, పూర్తి గ్రూపు ఉంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. ప్రతి మూలకమూ ఏదో ఒక గ్రూపులో ఇమిడిపోయే సెమీగ్రూపులు ఎలా కట్టి ఉంటాయో 1941లో ఎ.హెచ్. క్లిఫర్డ్ అనే అమెరికన్ నిరూపించాడు. చివరి అంకెల లెక్క దానికి చిన్న ఉదాహరణ. అక్కడికి చేరడానికి లోకానికి చాలా కాలం పట్టింది. గ్రూపుల ఆలోచన 1832లో ఇరవై ఏళ్ళకే చనిపోయిన గాల్వా నుంచి వస్తోంది. సెమీగ్రూపు అనే మాట 1904లో గాని పుట్టలేదు. ఫ్రాన్సులో ద సెగియే ఆ మాట పుట్టించాడు, మరుసటి ఏడు అమెరికాలో డిక్సన్ దాని మీద రాశాడు. అప్పట్లో దాన్ని గ్రూపు కాలేకపోయిన గ్రూపుగానే చూశారు. లోపాన్ని చూశారు గాని లోకాన్ని చూడలేదు. భోజనాల దగ్గర నేను చేసింది కూడా అదే.

మొదట లోపలికి తొంగి చూసినవాడు అంతోన్ సుష్కేవిచ్. రష్యాలో వొరోనెజ్‌లోను, తరువాత ఉక్రెయిన్‌లో ఖార్కివ్‌లోను పాఠాలు చెప్పినవాడు. 1928లో ఒక జర్మను పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. పరిమితమైన సెమీగ్రూపు ఏదైనా సరే, దాని అడుగున ఒక గర్భం ఉంటుంది, ఆ గర్భం ఒకే పోలిక గల గ్రూపుల సముదాయం అని చూపాడు. ఎంత వెనక్కి రాని లోకమైనా అట్టడుగున వెనక్కి రాగల చోటు ఉందన్నమాట. 1937లో ఖార్కివ్‌లో ఆయన పుస్తకం కూడా రాశాడు గాని పశ్చిమ దేశాల్లో దాన్ని చదివినవారు తక్కువ.

1940లో కేంబ్రిడ్జిలో డేవిడ్ రీస్ ఈ దారినే ముందుకు తీసుకువెళ్ళి, అనంతమైన సెమీగ్రూపుల్లో ఒక ముఖ్యమైన తరగతికి నిర్మాణం చెప్పాడు. అదే రోజుల్లో ఆయన బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా సంకేతాలను విప్పే పనిలో ఉన్నాడు. తరువాత ఈ శాస్త్రంలో పేరుపొందిన జె.ఎ. గ్రీన్, జి.బి. ప్రెస్టన్ కూడా అక్కడ పనిచేసినవారే. ఎనిగ్మా యంత్రం తనకు తానే ఎదురు పద్దు. ఏ అమరికలో రహస్యం రాశారో అదే అమరికలో మళ్ళీ కొడితే అసలు మాట బయటికి వస్తుంది. పగలంతా వెనక్కి రాబట్టే పని చేసినవాళ్ళు వెనక్కి రాని లెక్కలకు పునాదులు వేయడం నాకు వింతగా తోచింది.

గ్రీన్ 1951లో రాసిన వ్యాసం ఈ శాస్త్రానికి నేటికీ మొదటి పాఠం. దాన్ని మా బ్యాంకు లాకరు గదితో పోల్చి చెబుతాను. గోడ మీద లాకర్లు అడ్డు వరసల్లో, నిలువు వరసల్లో ఉంటాయి. సెమీగ్రూపు మూలకాలు కుడివైపు గుణిస్తే ఒకదాన్నుంచి ఒకటి అటూ ఇటూ చేరుకోగలిగితే ఒక అడ్డు వరసలో ఉంటాయి. ఎడమవైపు గుణిస్తే అలా చేరుకోగలిగితే ఒక నిలువు వరసలో ఉంటాయి. ఒక్కో లాకరులో కొన్ని మూలకాలుంటాయి. ఇప్పుడు సిద్ధాంతం: ఏ లాకరులో మారని మూలకం ఉందో ఆ లాకరు గ్రూపు అవుతుంది. అందులో ఒక్క మారని మూలకానికి మించి ఉండదు. అది లేని లాకరు గ్రూపు కాలేదు. గోడంతా వెతకనక్కరలేదు. మారని మూలకం ఎక్కడుందో చూస్తే చాలు, వెనక్కి రాగల చోటు తెలిసిపోతుంది.

అటు సోవియట్ దేశంలో సరాతోవ్‌లో వాగ్నర్ 1952లో, ఇటు బ్రిటన్‌లో ప్రెస్టన్ 1954లో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఒకే రకం సెమీగ్రూపుల్ని కనిపెట్టారు. రెండు వైపులా పనిని కలిపి క్లిఫర్డ్, ప్రెస్టన్ రాసిన పుస్తకం మొదటి భాగం 1961లో, రెండో భాగం 1967లో వచ్చాయి. మా అలమరలో నేను తెరిచింది దాని మొదటి భాగమే.

ఇందులో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని వెతకడం మన బలహీనత. నేనూ వెతికాను. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎం. సత్యనారాయణ 1979లో ధనక్రమ సెమీగ్రూపుల మీద ఒక పుస్తకం ప్రచురించారు. రెండింటిని కలిపితే వచ్చేది ఆ రెండింటిలో దేనికన్నా తక్కువ కాని లెక్కలవి. వడ్డీ వేసేవాడికి సులువుగానే అర్థమవుతాయి. సెమీగ్రూపులకే ప్రత్యేకించి 1970లో మొదలైన అంతర్జాతీయ పత్రికలో 1981లో ఎ. ఆంజనేయులు వ్యాసం వచ్చింది. ఆయన తెనాలిలో వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కళాశాల గణిత శాఖకు చెందినవారు. ఆయన విషయం ఐడియళ్ళు. ఐడియల్ అంటే లోపలికి దారి ఉండి బయటికి దారి లేని భాగం. సరిసంఖ్యల్లాగ అన్నమాట. సరిసంఖ్యతో దేన్ని గుణించినా సరిసంఖ్యే వస్తుంది. కొన్ని సెమీగ్రూపుల్లో ఎడమ నుంచి గుణిస్తే లోపల ఉండిపోయేది కుడి నుంచి గుణిస్తే తప్పించుకోవచ్చు. ఆ తేడా లేనివాటి నిర్మాణాన్ని ఆంజనేయులు పరిశీలించారు. తెనాలి అంటే రచయితలు, నాటకాలవాళ్ళు అనుకునే నాకు ఇది కొత్త సంగతి.

దక్షిణాదిలో అన్నిటికన్నా పెద్ద పేరు కె.ఎస్.ఎస్. నంబూరిపాద్‌ది. 1935లో కొచ్చి సమీపాన పుట్టి, కేరళ విశ్వవిద్యాలయంలో పనిచేసి, 2020లో కన్నుమూశారు. మా అమ్మాయి కేరళకే ఎందుకు వెళ్ళిందో ఆయన గురించి చదివాక గాని నాకు తెలియలేదు. 1979లో అమెరికన్ గణిత సంఘం ప్రచురించిన ఆయన గ్రంథం సారం నాకు అర్థమైనంతలో ఇది. ఒక సెమీగ్రూపులోంచి మారని మూలకాల్ని మాత్రమే ఏరి పక్కన పెడితే, వాటిలో వాటికే ఒక కుదురు, ఒక వరస ఉంటుంది. ఎవరు ఎవరికి లోబడి ఉన్నారు, ఎడమ నుంచా కుడి నుంచా అని రెండు రకాల వరసలు. ఆ వరసల నియమాలను ఆయన రాశారు. వాటి ఆధారంగా రెగ్యులర్ అనబడే పెద్ద తరగతి సెమీగ్రూపుల నిర్మాణం మొత్తం చెప్పారు. 1985లో ఈస్‌డౌన్ అనే ఆయన ఇంకో మెట్టు ఎక్కి, ఆ నియమాలకు కట్టుబడ్డ ప్రతి వరసకూ ఏదో ఒక సెమీగ్రూపు ఉండి తీరుతుందని చూపాడు. ఊరు పోయినా పునాదిరాళ్ళ అమరిక చూసి ఇళ్ళు ఎలా ఉండేవో చెప్పినట్టుంది ఇది.

మన మద్రాసు సంగతేమిటి? ఇక్కడ సెమీగ్రూపు వేరే వేషంలో ఉంది. మాటల వేషం. మన పాఠకులకు ఛందస్సు కొత్త కాదు. గురువు, లఘువు రెండే అక్షరాలు. వాటిని వరసగా పేరిస్తే గణాలు, గణాలను పేరిస్తే పాదాలు. ఏ రెండు గణాలను ముందు కలిపినా పాదం అదే, కనుక ఇదీ సెమీగ్రూపే. కాని వరస మారితే లెక్క మారుతుంది. భగణానికీ సగణానికీ నాలుగేసి మాత్రలే, అయినా భ వేరు, స వేరు. ఒక గణం పక్కన మరో గణం పెట్టి మొదటిదాన్ని రద్దు చేయలేం. ఎదురు పద్దు లేదు. ఇప్పుడు ఒక కొత్త నియమం పెడదాం: రెండు లఘువులకు బదులు ఒక గురువు వేయవచ్చు. చంపకమాల పాదానికి గణాలు న జ భ జ జ జ ర. దాని మొదటి రెండు లఘువుల్ని ఒక గురువు చేయండి, భ ర న భ భ ర వ వస్తుంది. అంటే ఉత్పలమాల. రెండింటికీ మాత్రలు 28. ఆ నియమం కింద రెండు వృత్తాలూ ఒకటే మూలకం.

ఇలా కొన్ని మార్పు నియమాలిచ్చి, రెండు మాటలు ఒకటేనా కాదా అని తేల్చగలమా? 1914లో నార్వే గణితజ్ఞుడు ఆక్సెల్ టూ ఈ ప్రశ్న వేశాడు. మన ఛందస్సు నియమానికి జవాబు తేలిక, మాత్రలు లెక్కిస్తే సరి. కాని అన్ని నియమాలకూ పనికివచ్చే పద్ధతి ఏదీ ఉండదని 1947లో అమెరికాలో పోస్ట్, రష్యాలో మార్కోవ్ ఎవరికి వారు నిరూపించారు. ఎంత తెలివిగలవాడైనా, ఎంత పెద్ద యంత్రమైనా తేల్చలేని ప్రశ్న అది.

మాటల్ని మార్చే ఈ నియమాల చదువు మద్రాసులో తాంబరం దగ్గర మొలకెత్తింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చెప్పిన రాణీ శిరోమణి, సంఖ్యాశాస్త్రం చెప్పిన ఆమె భర్త గిఫ్ట్ శిరోమణి, తరువాత ఐ.ఐ.టి.లో ఆచార్యురాలైన కమలా కృతివాసన్ కలిసి 1972 నుంచి వరసగా వ్యాసాలు రాశారు. మాట ఒకే దిక్కుగా సాగుతుంది, బొమ్మ రెండు దిక్కులా సాగుతుంది. బొమ్మను బొమ్మ పక్కన పెట్టి కలపవచ్చు, బొమ్మ కింద పెట్టీ కలపవచ్చు. అలాంటి బొమ్మలకు వ్యాకరణం రాశారు. 1974లో వచ్చిన వ్యాసానికి వారు ఎంచుకున్న ఉదాహరణ మన వాకిట్లో ముగ్గు. తమిళులు కోలం అంటారు, మనం చుక్కల ముగ్గు, మెలికల ముగ్గు అంటాం. చిన్న ముగ్గును పెద్ద ముగ్గుగా పెంచేటప్పుడు ఆడవాళ్ళు ఏ నియమాలు పాటిస్తారో అవి వ్యాకరణ సూత్రాలుగా రాయవచ్చని చూపారు. గిఫ్ట్ శిరోమణి 1988లో, రాణీ శిరోమణి 2019లో పోయారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున మా అమ్మ చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేసేది. అది పైకి చదువు లేని చదువని నేనెన్నడూ అనుకోలేదు.

ఇంతవరకు రాసి, కాగితాలు బల్ల మీద పెట్టాను. మొన్న ధనుర్మాసంలో అమ్మాయి నాలుగు రోజులు ఇంటికి వచ్చింది. ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివింది. ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించవలసినవాణ్ని నేను. బదిలీలు, ఇయర్ ఎండింగులు అంటూ రేపు చూద్దాం అన్నాను. ఆ రేపులు అయిపోయాయి. తెలుగు పత్రికలకు చందా కట్టేవాడి కూతురికి తెలుగు అక్షరం రాదు. తప్పు నాదే.

ఆ కాగితాలు చూసి "ఏమిటిది నాన్నా?" అంది. ఏమీ లేదన్నాను. ఆమె కాగితాలు తిప్పుతూ, అక్షరాలు దాటుకుంటూ అంకెల మీద ఆగింది. 0, 1, 5, 6. నా మొహం వైపు చూసింది. "చివరి అంకెలు" అన్నాను. "మోడ్ టెన్" అంది తను. కాసేపు నిలబడే చూసి, "ఒక్క అంకెతో అంతా బాగానే ఉంటుంది. రెండంకెలు తీసుకుని చూడు నాన్నా" అని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి కూర్చుని చేశాను. ఒక్క అంకె లెక్కలో 2ను 2తో గుణిస్తూ పోతే 2, 4, 8, 6, మళ్ళీ 2. అయిదో అడుగులో ఇల్లు చేరుతుంది. రెండంకెలు ఉంచుకుంటే మారని మూలకాలు 00, 01, 25, 76. ఇక 02తో బయలుదేరాను. 02, 04, 08, 16, 32, 64, 28, 56, 12, 24, 48, 96, 92, 84, 68, 36, 72, 44, 88, 76, 52. తరువాత 02 వస్తుందనుకున్నాను. వచ్చింది 04. అక్కడి నుంచి మళ్ళీ అదే ఇరవై అడుగుల చక్రం. 04 తిరిగి వస్తుంది, 08 తిరిగి వస్తుంది. 02 మాత్రం ఒకసారి బయలుదేరాక ఎన్నటికీ రాదు. అది ఆ ఇంట్లో పుట్టలేదు, ఇంటి గుమ్మం బయట ఉంది. ఆ ఇంటి పెద్ద 76. పరిమితమైన సెమీగ్రూపులో ఏ మూలకం బయలుదేరినా చివరికి ఇలా ఒక మారని మూలకం ఉన్న చక్రంలో పడి తీరుతుంది. అయితే బయలుదేరిన చోటికే వస్తుందన్న హామీ లేదు.

పొద్దున్న ఆ కాగితం కూడా చూసింది. చుట్టూ ఉన్న తెలుగు ఒక్క ముక్క చదవకుండానే పెన్సిలు తీసి ఒక అంకె చుట్టూ సున్న చుట్టింది. నేను 64 తరువాత 38 అని రాశాను. "ఇరవై ఎనిమిది నాన్నా" అంది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో టోటళ్ళు చూసినవాణ్ని, అంకె తప్పుపోయింది. అది సరిదిద్దాను. పైన మీరు చదివింది ఆ సరిదిద్దిన వరసే.

తరువాత మొత్తం చదివి వినిపించమంది. మొదటి నుంచి చదివాను. భోజనాల దగ్గర నేనన్న మాట ఉన్న పేరా వచ్చేసరికి గొంతు తగ్గింది. దాన్ని తీసేస్తానన్నాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "తీస్తే లెక్క తప్పుతుంది, ఉండనీ" అంది. అందుకే ఉంచాను.

సెలవులు అయిపోయి రైలెక్కింది. వెళ్ళే ముందు, మారని మూలకం అనే మాట తెలుగు అక్షరాల్లో ఎలా ఉంటుందో విడిగా ఒక కాగితం మీద రాసిమ్మంది. పెద్ద అక్షరాలతో రాసిచ్చాను.